వరంగల్ ముట్టడిని లేపేసిన పుకారు, ఢిల్లీని నడిపిన మన కోట మనిషి

"చరిత్రలో ఎక్కువ మందికి తెలియని వింత కథ ఏదైనా చెప్పండి, అది మీకెట్ల తెలిసిందో కూడా రాయండి" అని అడిగిన్రు కదా. నేను వరంగల్ వాన్ని, అయితే కోహినూర్ గురించి చెప్తనని మాత్రం అనుకోకండి, ఆ వజ్రం మన కాకతీయుల దగ్గరి నుంచే పోయిందని చెప్పేటోళ్లు గల్లీకి నలుగురు ఉన్నరు, గట్టి ఆధారం చూపెట్టేటోడు ఒక్కడు దొరకడు. దానికంటే విచిత్రమైనవి మన కోట చుట్టూ మస్తు జరిగినయి, ఆ కాలపోళ్లు రాసిపెట్టిన్రు కూడా, అయినా ఎవ్వరూ చెప్పరు.

మా ఇంటికి చుట్టాలొస్తే ఖిల్లా వరంగల్ చూపెట్టే డ్యూటీ నాదే. నాలుగు తోరణాలు, మధ్యల స్వయంభూ గుడి శిథిలాలు, ఖుష్ మహల్, ఏకశిల గుట్ట, అంతే రౌండ్. ఆడ ఎవరిని అడిగినా కథ ఒకటే తీరుగ చెప్తరు, గణపతిదేవుడు, రుద్రమ, ప్రతాపరుద్రుడు, 1323ల ఢిల్లీ సైన్యం వచ్చింది, కోట పడిపోయింది, ఖతం. ఒకసారి మా బావమరిది కొడుకు "మరి కోటల ఉన్న మిగతోళ్లంత ఏమైన్రు మామా" అని అడిగిండు. రాజు సంగతి సరే, సర్దార్లు, కోట కాపలా అధికారులు, లెక్కలు రాసేటోళ్లు, వీళ్లంత ఎటు పోయిన్రు? అప్పటిసంది ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో, ఢిల్లీ సుల్తాన్ల చరిత్ర రాసిన బరనీ, అఫీఫ్, మొరాకో నుంచి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, వీళ్లు రాసినవాటి అనువాదాలు దొరికినకాడికి చదువుడు మొదలువెట్టిన.

ముందుగాల మట్టికోట. రాతికోటకు బయట ఇప్పుడు తుమ్మచెట్లు మొలిచిన కట్ట ఉంటది చూడండి, జనం అది ఏదో చెరువుకట్ట అనుకొని దాటిపోతరు. 1310ల ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ చేసిన ముట్టడి గురించి రాస్తూ అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడను తెగ పొగిడిండు, ఉక్కు బల్లెం కూడ దిగదట, పెద్ద యంత్రంతోని రాయి విసిరితే పిల్లలు ఆడుకునే గింజ లెక్క ఎగిరి వెనక్కి వస్తదట. పొగిడింది శత్రువుల పక్షం కవి, అది గుర్తుపెట్టుకోండి. ఆ ముట్టడి చివర ప్రతాపరుద్రుడు తన బొమ్మనే బంగారంతోని చేయించి, దాని మెడల బంగారు గొలుసు వేసి, లొంగిపోతున్న అని చెప్పుడుకు పంపిండని కూడ ఆయనే రాసిండు. మన స్కూల్ పుస్తకాలల్ల ఈ ముచ్చట నేనైతే చూడలే.

ఇగ అసలు కథ. 1321ల ఢిల్లీ సుల్తాన్ ఘియాసుద్దీన్ తుగ్లక్ తన కొడుకు ఉలుగ్ ఖాన్‌ను వరంగల్ మీదికి తోలిండు, తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయి రాజధానిని దౌలతాబాద్‌కు మార్చింది ఈయనే. కోట చుట్టుముట్టిండు, లోపలోళ్లకు ఊపిరాడుతలేదు, ఏనుగులు ఇస్తం, ధనం ఇస్తం, ఎల్లిపొమ్మని రాజు మనుషుల్ని పంపితే ఉలుగ్ ఖాన్ వినలే. కోట ఇయ్యాల్నో రేపో పడుతదన్న టైంల ఢిల్లీ నుంచి ఉత్తరాలు బందయినయి. మామూలుగ వారానికి రెండు మూడు ఉత్తరాలు వచ్చేటియి, దాదాపు నెల రోజులు ఒక్కటి రాలే, తొవ్వల కొన్ని తపాలా ఠాణాలు తెగిపోయినయి అంటడు బరనీ. అప్పటి తపాలా ఎట్లుండెనో ఇబ్న్ బతూతా కొన్నేండ్ల తర్వాత చూసి రాసిండు, మైలుకు మూడు చోట్ల మనుషులు రెడీగ ఉంటరు, ఒకడు ఒక చేతిల ఉత్తరం ఇంకో చేతిల రాగి గజ్జెలు కట్టిన కర్ర పట్టుకొని ఉరుకుతడు, గజ్జెల సప్పుడు వినంగనే అవతలోడు లేచి నిలబడి అందుకొని మళ్ల ఉరుకుడే, గుర్రాల తపాలా కంటే ఇదే స్పీడట. అంత పెద్ద ఏర్పాటు నడుమ ఎక్కడనో తెగితే వరంగల్ కాడ ఉన్న సైన్యానికి ఢిల్లీ ఉన్నదో లేదో కూడ తెల్వదు.

గప్పుడు ఉబైద్ అనే ఒక కవి, ఇంకో షేక్‌జాదా (అంటే షేక్ కొడుకు), ఇద్దరు కలిసి సుల్తాన్ చచ్చిపోయిండు, ఢిల్లీ గద్దె మీద వేరేటోడు కూసున్నడు అని పుకారు లేపిన్రు. అంతటితోని ఊకోలే, పెద్ద పెద్ద సర్దార్ల దగ్గరికి పోయి "మిమ్మల్ని చంపాలని ఉలుగ్ ఖాన్ చూస్తుండు" అని చెవుల ఊదిన్రు. ఇగ చూడాలె, సర్దార్లు ఎవని గుంపు వాడు తీసుకొని జారుకున్నరు, సైన్యం చెల్లాచెదురు, కోటల నుంచి మనోళ్లు బయటికొచ్చి ఉన్న సామానంతా ఊడ్చుకపోయిన్రు, ఉలుగ్ ఖాన్ దేవగిరికి ఉరికిండు. సుల్తాన్ మాత్రం ఢిల్లీల నిమ్మళంగ ఉన్నడు! సంగతి బయటపడ్డంక ఉబైద్‌ను ఢిల్లీల శూలానికి ఎక్కించిన్రు. ఇబ్న్ బతూతా ఇదే కథను తలకిందులుగ చెప్తడు, పుకారు లేపమన్నది ఉలుగ్ ఖానేనట, నాయిన చచ్చిండంటే సైన్యం తననే సుల్తాన్ అంటదని ప్లాన్ వేస్తే సర్దార్లు ఒప్పుకోక ఉల్టా తిరిగిన్రట. నాకైతే బరనీ మాటే నమ్మబుద్ధి అయితది, ఎందుకంటే ఇబ్న్ బతూతా వచ్చేసరికి జనానికి ఆ సుల్తాన్ మీద ఎంత కోపం ఉన్నదంటే ఏ చెడ్డ కథ చెప్పినా నమ్మే పరిస్థితి. ఎట్లయినా గానీ, రాళ్లు విసిరే యంత్రాలతోని కానిది ఒక కవి నోటితోని అయింది, కోట బతికింది.

బతికింది గని ఎక్కువ రోజులు కాదు. 1323ల ఉలుగ్ ఖాన్ మళ్ల వచ్చిండు, ఈసారి తొవ్వ పొడుగునా తపాలా ఠాణాలు గట్టిగ పెట్టుకుంటనే వచ్చిండు, కోట పడ్డది, ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. ప్రతాపరుద్రున్ని ఢిల్లీకి తీసుకపోతుంటే నర్మద ఒడ్డున చనిపోయిండని విలస శాసనం చెప్తది, తన ఇష్టంతోనే దేవలోకం పోయిండని 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం చెప్తది, అంటే ప్రాణం తీసుకున్నడని చరిత్రకారులు అర్థం చేసుకుంటరు.

మా పిలగాడు అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడి నుంచి మొదలైతది. రాజు తొవ్వల చనిపోయినంక ఆయనతోని ఉన్న ఒక పెద్ద అధికారి, అఫీఫ్ రాతల పేరు కన్నూ, పోయి సుల్తాన్ ముంగట నిలబడి ముసల్మాను అయిండు, మఖ్బూల్ అని పేరు పెట్టిన్రు. మన దిక్కు చరిత్రకారులు చాలామంది ఈయనే ప్రతాపరుద్రుని సేనాని గన్నయ అంటరు. తిక్కన శిష్యుడు మారన మార్కండేయ పురాణం తెలుగుల రాసి అంకితం ఇచ్చింది ఈ గన్నయకే. అఫీఫేమో ఈయనకు చదువు రాయడం రాదు గని బుర్ర మాత్రం బంగారం అంటడు, తెలుగు కావ్యం అంకితం తీసుకున్నోనికి అక్షరం రాదంటే అది పార్సీ అక్షరమే అయి ఉంటదని నా లెక్క.

ఇంకో తమాషా ఏందంటే ఢిల్లీ తరఫున ఈయన్నే మళ్ల వరంగల్‌ల కూసోబెట్టిన్రు. 1336 ప్రాంతంల తెలుగు నాయకుడు కాపయ నాయకుడు ఢిల్లీ మీద తిరగబడేసరికి సొంత ఊరి నుంచి ఢిల్లీకి ఉరికిండు. ఇప్పుడు మన దగ్గర కాపయకు ఉన్న పేరు చూసి మఖ్బూల్‌ను ద్రోహి అని ఒక్క ముక్కల తేల్చేసేటోళ్లు ఉన్నరు, నాకు గట్ల అనబుద్ధి కాదు, పట్టుబడ్డోని ముంగట ఏమేం దారులుంటయో అప్పుడు ఆడ ఉన్నోనికే తెలుస్తది.

1351ల ముహమ్మద్ బిన్ తుగ్లక్ సింధుల తట్టా దగ్గర చనిపోయిండు, ఆయన చిన్నాయన కొడుకు ఫిరోజ్ షా కూడ పోయిండని ఒక బానిస మోసుకొచ్చిన వార్త నమ్మి ఢిల్లీల ముసలి వజీరు అహ్మద్ అయాజ్ ఒక చిన్న పిలగాన్ని గద్దె మీద కూసోబెట్టిండు. చూడండి, మళ్ల పుకారే. ఈ అయాజ్ ఎవరో కాదు, 1325ల ఘియాసుద్దీన్ మీద కూలి పడ్డ చెక్క మండపం కట్టించింది ఈయనే అని ఇబ్న్ బతూతా రాసిండు. మఖ్బూల్ మాత్రం ఆ గుంపుల ఉండలే, ఢిల్లీ నుంచి తప్పించుకొని ఫిరోజ్ షా దగ్గరికి పోయిండు, ఫిరోజ్ గద్దె ఎక్కినంక ఈయన వజీరు, బిరుదు ఖాన్-ఎ-జహాన్. సుల్తాన్ బెంగాల్ అని, ఒడిశా అని దండయాత్రల మీద తిరుగుతుంటే రాజ్యం నడిపింది ఈయనే, ఢిల్లీకి అసలు పాదుషా ఖాన్-ఎ-జహానే అని ఫిరోజ్ షా తానే అనేటోడట. రెండు వేల మంది ఆడోళ్లు ఉన్న అంతఃపురం అని కూడ అఫీఫ్ రాసిండు, అది వదిలేయండి.

నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క ఇది. ఫిరోజ్ షా తట్టా మీదికి పోయి అటునుంచి గుజరాత్‌కు మర్లుతుంటే దారి చూపెట్టేటోళ్లు మోసం చేసిన్రు, సైన్యమంతా కచ్ రణ్‌ల తప్పిపోయింది, ఆరు నెలలు ఢిల్లీకి ఒక్క కబురు లేదు. ఊర్ల గుసగుసలు మొదలైనయి. మఖ్బూల్ ఏం చేసిండంటే, సుల్తాన్ క్షేమం, సైన్యం క్షేమం అని తానే ఒక దొంగ ఉత్తరం పుట్టించి అందరికీ చూపెట్టిండు, జనం నమ్మిన్రు, ఎవ్వరి పని వాళ్లు చేసుకున్నరు, గద్దె కదలలే. నలభై ఏండ్ల కింద వరంగల్ చుట్టూ ఉన్న అంత పెద్ద సైన్యం ఉత్తరం రాక నెలల ఎట్ల ఆగమైందో కోటల నుంచి చూసినోడు కాబట్టే ఈ ఆలోచన తట్టిందని నేను అనుకుంట. రుజువు అడగకండి, నా ఊహే.

తర్వాత ఢిల్లీల పని పడ్డప్పుడు ఆయన సమాధి చూసిన. కాజీపేటల దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అది ఆగేదే హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్‌ల, ఆడికి దగ్గరనే ఉంటది. హుమాయూన్ సమాధి ఆవరణల టికెట్ కొని అందరూ ఈసా ఖాన్ సమాధి ఫోటోలు దిగుతరు కదా, ఎనిమిది మూలలు, చుట్టూ వరండా, ఢిల్లీల ఆ తీరు కట్టడానికి మొదటిది మన మఖ్బూల్‌దే, దాదాపు రెండు వందల ఏండ్ల ముందు. కానీ దీని చుట్టూ ఇండ్లు అతుక్కొని ఉన్నయి, ఆ గల్లీల నిలబడితే గుమ్మటం కూడ సక్కగ కనవడదు. పక్కన చాయ్ తాగుతున్న ఒక పెద్దాయన నన్ను చూసి ఎవరి కోసం వచ్చినవని అడిగిండు, ఇది మా ఊరాయన సమాధి చాచా, వరంగల్ అన్న. "ఈడికొచ్చే ప్రతోడు ఎవరికో ఒకరికి చుట్టమే" అని నవ్విండు, చాయ్ పైసలు మాత్రం నన్ను ఇయ్యనియ్యలే.

పోయేటోళ్లకు ఒక మాట, తిలంగాణీ మక్బరా (మఖ్బూల్ సమాధికి ఉన్న పేరు) అని అడిగితే బస్తీల చాలామందికి తెల్వదు. కాలీ మసీదు ఎక్కడ అని అడగండి, నిజాముద్దీన్ దర్గాకు పోయే గల్లీలల్ల ఎవరైనా చూపెడుతరు. ఆ మసీదు కట్టించింది మఖ్బూల్ కొడుకు జునాన్ షా, 1370ల, నాయిన తర్వాత అదే బిరుదుతోని వజీరు అయినోడు, సమాధి దాని దగ్గరనే. నమాజ్ టైం చూసుకొని పోండి, ఇండ్ల మధ్యల ఉంటది కాబట్టి ఫోటోలు తీసే ముందు అడిగి తీయండి.