పాత గిటారు టంకాలు: ముందు మీటరు, తర్వాతే ఐరన్

ప్రశ్న: మా పెద్దనాన్నగారి 1966 నాటి ఎలక్ట్రిక్ గిటారు నా దగ్గరుంది. తీగల కదలికను కరెంటుగా మార్చే సింగిల్ కాయిల్ పికప్పులు మూడు. వాయిస్తుంటే శబ్దం మధ్యలో తెగిపోతోంది. లోపలి గుడ్డ తొడుగు వైర్లన్నీ పీకేసి కొత్తవి వేయాలంటున్నారు. నా 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో నేనే చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కోడంబాక్కం, చెన్నై

జవాబు: వైర్లన్నీ పీకించకండి, దయచేసి. ఆ గుడ్డ తొడుగు లోపలి రాగి మామూలుగా బాగానే ఉంటుంది. చెడేవి టంకం అతుకులు, జాక్ (కేబుల్ గుచ్చే సాకెట్) స్ప్రింగు, స్విచ్. పాట్ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే కంట్రోళ్ళు) వీపు మీద 1376634 లాంటి అంకె ఉందేమో చూడండి. 137 అంటే సీటీఎస్ అనే కంపెనీ తయారీ, 66 ఏడాది, 34 ఆ ఏడాదిలో వారం. గిటారు వయసుకు ఆ పాట్లే సాక్ష్యం. మారిస్తే అది పోతుంది.

ముందు కేబుల్ గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా తెరిచి, రెండో చివర ప్లగ్గు కొనకూ ఒంటికీ మల్టీమీటర్ పెట్టండి. స్విచ్‌తో ఒక్కో పికప్పే ఎంచుకుంటూ చూస్తే 5 నుంచి 7 కిలో ఓమ్‌లు రావాలి. దాదాపు 250 కిలో ఓమ్‌లు చూపిస్తే మీటరు చదువుతున్నది ఒక్క వాల్యూమ్ పాట్‌నే: కాయిల్ గానీ దాని వైరు గానీ తెగింది. మీటరు అలాగే ఉంచి, చెక్కపుల్లతో ఒక్కో అతుకునూ మెల్లగా కదపండి. అంకె ఎక్కడ ఎగిరితే జబ్బు అక్కడే. నాబ్ తిప్పినప్పుడే బరబరమంటే మాత్రం టంకం జోలికి వెళ్ళకండి, పాట్ లోపలికి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై సార్లు తిప్పండి.

ఇక మీ ఐరన్. పాట్, స్విచ్‌ల చిన్న కాళ్ళకు 25 వాట్లు సరిపోతాయి, పాట్ వీపుకు చాలవు. ఆ ఉక్కు డొప్ప వేడిని లాగేసుకుంటుంది. టంకం కరిగేదాకా మీరు పట్టుకునే కొద్దీ వేడి లోపలికి పాకి కార్బన్ పట్టీ దెబ్బతింటుంది. 60 వాట్ల ఐరన్, 4 మిల్లీమీటర్ల ఉలిమొన, 370 డిగ్రీలు: మూడు నాలుగు సెకన్లలో పని అయిపోతుంది. ఎక్కువ వేడి, తక్కువ సేపు. పాట్‌కు క్షేమం ఇదే.

ఎలక్ట్రానిక్స్ దుకాణాల రిచీ స్ట్రీట్‌లో 60/40 (తగరం, సీసం) రోసిన్ కోర్, అంటే లోపల రోసిన్ ఫ్లక్స్ ఉన్న, 0.8 మిల్లీమీటర్ల టంకం తీగ అడగండి. నీళ్ళ పైపుల యాసిడ్ ఫ్లక్స్ వద్దే వద్దు, రాగిని తినేస్తుంది. పాత అతుకు మీద ముందు కాస్త కొత్త టంకం కరిగించండి. అందులోని రోసిన్ తగిలాక పాతది నీళ్ళలా పారుతుంది, అప్పుడు టంకం పీల్చే పంపుతో లాగేయండి. వైరు తొడుగు కోయనక్కర్లేదు, గోటితో వెనక్కి నెడితే చాలు. చల్లారే అయిదారు సెకన్లూ వైరు కదలకూడదు. కదిలితే అతుకు బూడిదరంగు తిరిగి, పైకి గట్టిగానే కనిపించినా మళ్ళీ ఊడుతుంది. గిటారు ఒంటి మీద మందపాటి అట్ట పరచండి. పాత లక్కర్ మీద ఒక్క టంకం బొట్టు పడినా మచ్చ పోదు.

ప్రశ్న: నా పాత గిటారు తీగలు ముట్టుకున్నా ముట్టుకోకపోయినా ఒకేలా గుయ్యిమంటోంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, టి.నగర్, చెన్నై

జవాబు: ముట్టుకుంటే గుయ్యి తగ్గాలండి. తగ్గడం లేదంటే బ్రిడ్జిని (తీగలు ఆనే లోహపు భాగం) ఎర్త్‌కు కలిపే వైరు ఊడింది. తీగకూ జాక్ ఒంటికీ మీటరు పెడితే సున్నా దగ్గర ఉండాలి. ట్రెమలో (తీగల స్వరాన్ని ఊపే మీట) ఉన్న గిటారైతే ఆ వైరు వెనక గూట్లో స్ప్రింగులు తగిలించే పట్టీకి ఉంటుంది. చెన్నై ఉప్పుగాలికి అక్కడ తుప్పు పడుతుంది. ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, స్ప్రింగులు తీశాకే 60 వాట్ల ఐరన్ పెట్టండి.