రాజీనామా పత్రం మీద సంతకం చేయకండి

ప్రశ్న: తిరుపతిలో పాతిక మంది సిబ్బంది ఉన్న ప్రైవేటు సంస్థలో ఐదేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. జీతం 30,000 రూపాయలు. తొలి కాన్పు, ఇప్పుడు ఆరో నెల. మూడు నెలలు సగం జీతం ఇస్తామని, ఆ తరువాత రాజీనామా చేసి వీలైనప్పుడు మళ్లీ చేరమని యాజమాన్యం అంటోంది. పని చేయని నెలలకు జీతం అడగడం అన్యాయమని తోటివారి మాట. ఇంటి రుణం కిస్తీ 11,000. నగలు తాకట్టు పెట్టాలా, చీటీ పాడుకోవాలా?

జవాబు: అమ్మా, అప్పు సంగతి తరువాత చూద్దాం, ముందు మీకు రావలసిన డబ్బు లెక్క చూడండి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ ప్రకారం మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు పూర్తి వేతనంతో ఇవ్వాలి; 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే నియమం ఉంది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో, కాన్పు తేదీకి ముందరి పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. అంటే మీకు దాదాపు 1,80,000 రూపాయలు రావాలి. వారు ఇస్తామంటున్నది 45,000. మిగిలిన 1,35,000 రూపాయలు మీ కిస్తీలు ఏడాది పాటు కట్టినా మిగిలేంత మొత్తం.

మీరు ఒప్పుకున్నా సరే, చట్టం ఇచ్చినదానికన్నా తక్కువకు కుదుర్చుకున్న ఒప్పందం చెల్లదు. సెలవులో ఉన్న తల్లిని ఉద్యోగం నుంచి తీసివేయడమూ చట్టవిరుద్ధమే. రాజీనామా మాత్రం మీ అంతట మీరు వదులుకున్నట్లు లెక్క, అందువల్ల ఆ రక్షణ అక్కడితో ఆగిపోతుంది. మీ చేత సంతకం పెట్టించాలని చూడడంలోని అసలు విషయం ఇదేనని నా అభిప్రాయం.

ఇక న్యాయం మాట. నెలకు 21,000 లోపు జీతమున్న, ఇ.ఎస్.ఐ. అనే ప్రభుత్వ ఉద్యోగుల బీమా పథకం కాదు, ప్రైవేటు సిబ్బందికి వర్తించే బీమా పథకంలోని సభ్యురాలికి ఈ వేతనాన్ని యాజమాన్యాలూ ఉద్యోగులూ కలిసి కట్టిన నిధి నుంచి ఇస్తారు. మీ జీతం ఆ పరిమితి దాటింది కాబట్టి భారమంతా ఒక్క యజమాని మీదే పడుతోంది. చిన్న సంస్థకు అది బరువేనని నేను కాదనను. దానికి పరిష్కారం ఆ నిధిని మీలాంటి వారికీ విస్తరించడమే తప్ప, ప్రసవించి నీరసించిన తల్లి జీతంలో కోత పెట్టడం కానే కాదు. ప్రైవేటు ఉద్యోగి అయిన తండ్రికి చట్టం ఒక్క రోజు సెలవైనా ఇవ్వదు, కాబట్టి బిడ్డ కోసం ఆగిపోయేది ప్రతి ఇంటా తల్లి సంపాదనే. అడగడానికి మీరు మొహమాటపడవలసిన పని లేదు.

డాక్టరు ధ్రువపత్రం జతచేసి, సెలవు ఏ తేదీ నుంచి కావాలో రాసి యాజమాన్యానికి ఇవ్వండి. అందినట్లు సంతకం తీసుకోండి. కాన్పుకు ముందు ఎనిమిది వారాల వరకు సెలవు తీసుకోవచ్చు, ఆ కాలపు వేతనం ముందుగానే ఇవ్వాలి. మిగిలినది కాన్పు ధ్రువపత్రం అందిన 48 గంటల్లోగా చెల్లించాలి. ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు చేయండి.

చీటీ ఇప్పుడు పాడకండి, పాటలో పోయిన సొమ్ము తిరిగి రాదు. యాజమాన్యం జాప్యం చేస్తే రెండు కిస్తీలకు సరిపడేలా ఒక్క నగ మాత్రమే బ్యాంకులో తాకట్టు పెట్టి, వేతనం చేతికి రాగానే విడిపించుకోండి.