విజయవాడలో కుక్కపిల్లకి డాక్టర్ని చూసుకునేటప్పుడు నేనైతే ఏం గమనిస్తానంటే

సత్యనారాయణపురంలో ఉంటున్నాం, రెండు నెలల లాబ్రడార్ పిల్లని తెచ్చుకున్నాం, దగ్గర్లో మూడు పెట్ క్లినిక్కులున్నాయి, గూగుల్లో స్టార్లు చూసి వెళ్లాలా, ఫీజు తక్కువున్న చోటికి వెళ్లాలా, ప్రభుత్వ పశువుల ఆసుపత్రి సరిపోతుందా అని కదండీ మీరడిగింది. నేనూ ఈ ఊళ్లోనే కుక్కని పెంచుతున్నాను కాబట్టి తెలిసింది చెబుతాను.

ముందు ఆ స్టార్ల సంగతి. రివ్యూలు కాస్త ఓపిగ్గా చదవండి. చాలావరకు స్నానం బాగా చేయించారనో, జుట్టు బాగా కత్తిరించారనో ఇచ్చినవే ఉంటాయి. మిగతావాటిలో "ఒక్క ఇంజెక్షన్‌తో లేచి తిరిగింది" అనేవి కనిపిస్తాయి. నాకు అనుమానమంతా ఈ రెండో రకం మీదే. జ్వరమొచ్చి తిండి మానేసిన కుక్కకి స్టెరాయిడ్ సూది వేస్తే జ్వరం దిగుతుంది, ఆకలి పుడుతుంది, మర్నాడు తోకూపుకుంటూ గిన్నె దగ్గరికొస్తుంది. లోపలి జబ్బు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

మా కుక్క బుజ్జికి పిడుదుల జ్వరం వచ్చినప్పుడు జరిగింది ఇదే. మొదట చూపించిన చోట దాన్ని బల్ల ఎక్కించకుండానే, నేలమీద నిలబెట్టే కాంపౌండర్ వచ్చి సూది వేసి పంపించాడు. ఏం వేశారంటే "జ్వరానికేనండీ" అన్నారు. చీటీ మీద ఒక సిరప్ పేరు తప్ప ఇంకేం లేదు. రెండ్రోజులు బాగానే ఉంది, తర్వాత మళ్లీ పడిపోయింది. వేరే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఇంతకుముందు ఏం ఇంజెక్షన్ వేశారు?" నా దగ్గర జవాబు లేదు. ఆయన పెదవి పైకెత్తి చిగుళ్లు చూశారు, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. థర్మామీటరు పెట్టారు, తూకం వేశారు, చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో వెతికారు. రక్తం తీసి స్లైడు మీద చూసేదాకా మందు రాయలేదు. పిడుదుల జ్వరాల్లో రకాలున్నాయి, ఎర్లీకియా అనేదైతే డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడాలి, బెబీసియా అయితే మందే వేరు, రెండూ కలిసి కూడా ఉండొచ్చు, అందుకే ఊహించి రాయనన్నారు. ప్లేట్‌లెట్లు మరీ తక్కువున్నాయని తేలాక, ఏమీ దాచకుండా "ఇది నా దగ్గర అయ్యేది కాదు, గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి" అని అప్పటిదాకా ఇచ్చిన మందులన్నీ వేళలతో సహా కాగితం మీద రాసిచ్చారు. గన్నవరంలో డ్యూటీ డాక్టరు ఆ కాగితం చూసి మమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా పని మొదలుపెట్టారు.

కాబట్టి నా లెక్కలో మంచి క్లినిక్ అంటే ఏసీ, గాజు తలుపులు కాదు. వేసేదేమిటో చెప్పి, రాసి, చేతకానిది చేతకాదని చెప్పేవాళ్లు ఉన్న చోటు. మీ మూడింటిలో అదెక్కడుందో పిల్లకి జబ్బు చేయకముందే తెలుసుకోవచ్చు. ఎలాగూ టీకాలకి వెళ్లాలి కదా, అప్పుడే చూడండి.

మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పడాలి, అంటే మీరు ఇక ఆలస్యం చేయకూడదు. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల వయసు దాకా వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలకి. "ఒక్కటేస్తే చాలండీ, ఖర్చెందుకు" అనే డాక్టరుంటే అక్కడికి మళ్లీ వెళ్లకండి. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగ్గా పట్టదు, అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకే అన్నిసార్లు వేయడం. టీకా మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మన ఊరి ఎండలు, కరెంటు కోతలు మీకు కొత్తేమో, మాకు తెలుసు. కరెంటు పోతే ఫ్రిజ్ సంగతేంటని మొహమాటపడకుండా అడగండి. సీసా మీ ఎదురుగా ఫ్రిజ్‌లోంచి తీయాలి. ఒక సీసాలో ఎండు బిళ్లలా ఉన్న మందుని ఇంకో సీసాలోని ద్రవంతో అప్పటికప్పుడు కలపాలి. సీసా మీది స్టిక్కరు, బ్యాచ్ నంబరూ గడువు తేదీ కనపడేలా, మీ టీకాల పుస్తకంలో అంటించి సంతకం పెట్టాలి. ముందే సిరంజిలో నింపి లోపలి గదిలోంచి పట్టుకొస్తే "ఇది ఏ టీకా అండీ, సీసా చూపిస్తారా" అనండి. ఆ ప్రశ్నకి వాళ్ల ముఖం ఎలా మారుతుందో చూస్తే మీకే అర్థమవుతుంది.

వెయిటింగ్ హాలు కూడా చూడండి. మీ పిల్లకి టీకాలన్నీ పూర్తయ్యేదాకా అక్కడ నేలమీద దించకండి, ఒళ్లోనే ఉంచుకోండి. పార్వో అనే వైరస్ జబ్బు పట్టి వాంతులు, రక్తపు విరేచనాలతో వచ్చే కుక్కపిల్లలు కూర్చునేది ఆ హాల్లోనే. ఆ వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కి చావదు, బ్లీచింగ్ కావాలి. పార్వో కేసుల్ని వేరే గదిలో పెట్టే క్లినిక్ దొరికితే ఫీజు కాస్త ఎక్కువైనా నేను అక్కడికే వెళ్తాను.

డాక్టరుగారి లెటర్‌ప్యాడ్ మీద బీవీఎస్సీ అండ్ ఏహెచ్ (పశువైద్య డిగ్రీ) అనీ, రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్నాయో లేదో చూడండి. పశువైద్యంలో పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లని చిన్నచూపు చూడనక్కర్లేదు, పల్లెల్లో గేదెల్ని కాపాడుతున్నది చాలాచోట్ల వాళ్లే. కానీ మీ పిల్లకి రోగం తేల్చి మందు రాసేది మాత్రం డాక్టరే అయ్యుండాలి.

ప్రభుత్వ ఆసుపత్రి గురించి అడిగారు. అక్కడ పనిచేసేది చదువుకున్న డాక్టర్లే. కొరత ఉంటే మందులకీ పరికరాలకీ ఉంటుంది. ఆవులూ గేదెలూ ఎక్కువొచ్చే చోట కుక్కకి దక్కే సమయం తక్కువ, అంతే. రేబిస్ టీకాకి, చిన్న గాయాలకి నిశ్చింతగా వెళ్లొచ్చు. ఏటా జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బులు) దినం పేరుతో, పెంపుడు కుక్కలకి రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తుంటారు. 1885లో పాశ్చర్ తొలిసారి ఒక పిల్లాడికి ఆ టీకా వేసిన రోజది.

ఆపరేషన్ చేయించాల్సి వస్తే, అంటే మీది ఆడపిల్లయితే గర్భసంచి తీయించడం లాంటిది, ఫీజు అడిగే ముందు మత్తు గురించి అడగండి. ముందు రక్తపరీక్ష చేస్తారా, శ్వాసనాళంలో గొట్టం పెడతారా, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఊపిరినీ గుండెనీ కనిపెట్టుకుని ఇంకో మనిషి ఉంటారా. డాక్టరు ఒక్కరే కోస్తూ, మత్తూ చూసుకుంటూ, మధ్యలో ఫోనూ ఎత్తే చోట నేను చేయించను.

రాత్రిపూట ఎవరొస్తారన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. బోర్డు మీద "24 గంటలు" అని ఉంటుంది, ఒకసారి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి చూడండి. ఎత్తకపోతే తప్పేం కాదు, వాళ్లూ మనుషులే, కానీ ఆ సంగతి మీకు ముందే తెలిసుండాలి. గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి ఓపీ వేళలు కనుక్కుని ఫోన్‌లో పెట్టుకోండి. ఈలోగా ఇంట్లో ఉన్న క్రోసినో, బ్రూఫెనో వేయకండి. మనుషుల నొప్పి మాత్రలు కుక్కలకి ప్రమాదం, పిల్లులకైతే పారాసిటమాల్ ప్రాణమే తీస్తుంది. టీకాల పుస్తకంలోనే వెనక పేజీల్లో తూకం, వేసిన ప్రతి మందు పేరు, తేదీ మీరే రాసుకుంటూ ఉండండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ పేజీలు చూపించండి.