మెయింటెనెన్స్ హెడ్ అయిన మా చిన్నాకి

చి. చిన్నాకు పెదనాన్న ఆశీస్సులు.

మెకానికల్ మెయింటెనెన్స్ మొత్తం నీ చేతికిచ్చారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ కూడా చదివాను. కొత్త సాఫ్ట్‌వేర్, ప్రతి మిషన్‌కీ నెలవారీ చెక్‌లిస్టు, రంగురంగుల ఎక్సెల్ షీట్లు. వాటిని ఓ మూడు నెలలు పక్కన పెట్టరా. మిషన్ పాడవబోతోందని ముందే తెలుసుకోవడం, దాన్ని ఆపడానికి ప్రొడక్షన్ వాళ్ల దగ్గర టైము సంపాదించడం, ఈ రెండూ చేతనైతే సిమెంట్ ప్లాంటులో సగం రిపేర్లు పగటిపూట, తాపీగా అయిపోతాయి. చేతకాకపోతే ఎంత మంచి సాఫ్ట్‌వేర్ కొన్నా అర్ధరాత్రి ఫోన్లు తప్పవు.

ముందు లైను మొత్తం కాలినడకన తిరుగు. క్రషర్ దగ్గర మొదలుపెట్టి ప్యాకింగ్ ప్లాంటు దాకా, ప్రతి మిషన్ దగ్గరా ఒకే ప్రశ్న వేసుకో: ఇది ఆగితే ఎంతసేపట్లో కిల్న్, అంటే మన ప్లాంటుకి గుండెకాయ లాంటి ఆ తిరిగే కొలిమి, ఆగుతుంది? క్రషర్ ఆగితే స్టాక్‌పైల్‌లో సున్నపురాయి ఉంటుంది, కంగారు లేదు. రాయిని నూరే రా మిల్ ఆగితే సైలోలో ఉన్న మీల్‌తో, అంటే నూరిన పొడితో, కొన్ని గంటలు లాగొచ్చు. సిమెంట్ మిల్లు ఆగితే కిల్న్‌లో కాలి వచ్చిన క్లింకర్ గడ్డలు యార్డులో పడతాయి, అరిచేది సేల్స్ వాళ్లే. కిల్న్‌లోకి పోయే మీల్‌ని ముందే వేడిచేసే ప్రీహీటర్‌కి ఉన్న ఫ్యాన్ ఆగితే మాత్రం ఆ క్షణమే కిల్న్‌కి ఫీడ్ కట్. క్లింకర్‌ని చల్లార్చే కూలర్ కింద దాన్ని మోసే కన్వేయర్ ఆగినా అంతే, నిమిషాల్లో కథ ముగుస్తుంది. ఈ లెక్కన మిషన్లను వరసలో రాసుకుంటే నీ మనుషుల్లో మంచివాళ్లను ఎక్కడ పెట్టాలో, ఏ స్పేరు స్టోర్స్‌లో ఉండి తీరాలో, దేన్ని పాడయ్యాక బాగుచేసుకున్నా ఫర్వాలేదో దానంతటదే తేలుతుంది. అవును, పాడయ్యేదాకా వదిలేయదగ్గ మిషన్లూ ఉంటాయి. చిన్న సంప్ పంపుకి నెలనెలా చెక్‌లిస్టు పెట్టి ఫిట్టర్ టైము తినేయకు.

చెక్‌లిస్టు అంటే గుర్తొచ్చింది. ఆర్నెల్లకోసారి ప్రతి గేర్‌బాక్సూ విప్పి చూడాలని రాశావు. ఎందుకు? బాగా నడుస్తున్నదాన్ని విప్పితే లోపలికి దుమ్ము పోతుంది, సీల్ చిరుగుతుంది, బిగించేటప్పుడు ఒక బోల్టు వదులుగా మిగులుతుంది. విమానాల మెయింటెనెన్స్ మీద అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు ఇచ్చిన నివేదిక 1978లో వచ్చింది. విమానం భాగాల్లో వయసు మీరినకొద్దీ పాడయ్యే అవకాశం పెరిగేవి 11 శాతమేనని అందులో తేలింది. 68 శాతం భాగాలకు కొత్తగా బిగించిన మొదట్లోనే ప్రమాదం ఎక్కువ. మన దుమ్ము ప్లాంటుకి అవే అంకెలు వర్తిస్తాయని అనను. లైనర్లు, హేమర్లు, కిల్న్ ఇటుకలు అరిగే సరుకే, వాటికి గడువు పెట్టాల్సిందే. మిగతావాటిని విప్పకుండా కనిపెట్టడం నేర్చుకో. ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపు, వైబ్రేషన్ కొలిపించు, బేరింగ్ టెంపరేచర్ రాయించు. ఒక్క రీడింగ్ చూసి భయపడొద్దు, ధైర్యపడొద్దు. వైబ్రేషన్ సెకనుకు 4.5 మిల్లీమీటర్ల దగ్గర ఏడాదిగా నిలకడగా ఉంటే ప్రీహీటర్ ఫ్యాన్ బతుకుతుంది. 2 నుంచి వారంలో 4కి ఎక్కిందంటే మాత్రం ఇంపెల్లర్‌కి పట్టిన కోటింగ్ ఒకవైపు రాలిందో, బేరింగ్ పాడవడం మొదలుపెట్టిందో వెంటనే చూడాలి.

ఇక గ్రీజు. దీని గురించి ఎక్కువ రాస్తాను, విసుక్కోకు. బేరింగులు అరిగి పోవడం అరుదు, మనం చంపితే పోవడమే ఎక్కువ. ఆ చంపే ఆయుధం చాలాసార్లు గ్రీజు గన్నే. ప్లాంటులో అందరికంటే తక్కువ జీతగాడికి ఆ గన్ ఇచ్చి, 'బయటికి వచ్చేదాకా కొట్టు' అని చెబుతారు. వాడు కొడతాడు. గ్రీజు ఎక్కువైతే బేరింగ్ లోపల చిలికినట్టయి వేడెక్కుతుంది. మోటార్లలో అయితే అది వైండింగ్ మీదికీ పోతుంది. ఎంత కొట్టాలో చిన్న లెక్క ఉంది: బేరింగ్ బయటి వ్యాసాన్ని వెడల్పుతో, రెండూ మిల్లీమీటర్లలోనే, గుణించి 0.005తో మళ్లీ గుణిస్తే గ్రాములు వస్తాయి. 6312 నంబరు బేరింగ్ బయటి వ్యాసం 130, వెడల్పు 31, అంటే సుమారు 20 గ్రాములు. మరి గన్ ఒక స్ట్రోకుకి ఎన్ని గ్రాములు వదులుతుంది? ఏ రెండు గన్నులూ ఒకలా ఉండవు. పది స్ట్రోకులు కాగితం మీద కొట్టించి, మీ క్వాలిటీ ల్యాబ్ తూకంలో తూచి, స్ట్రోకుకి ఎంతో గన్ మీదే పెయింటుతో రాయించు. అప్పుడు గ్రీజు కొట్టేవాడికి 'ఈ బేరింగ్‌కి ఇన్ని స్ట్రోకులు' అని చెప్పగలవు.

గ్రీజు పెట్టేముందు నిపుల్ తుడవాలి. సిమెంటు దుమ్ముతో సహా లోపలికి తోస్తే అది గ్రైండింగ్ పేస్టే. లిథియం గ్రీజున్న చోట పాలీయూరియా గ్రీజు కొట్టనివ్వకు. ఆ రెండూ కలిస్తే చాలాసార్లు పలచబడి కారిపోతాయి. ఇంకోటి, స్టోర్స్ వెనక ఆయిల్ డ్రమ్ములు ఆరుబయట నిలబెట్టి ఉంటాయి చూడు, వాటి మూతల మీద వాననీళ్లు నిలుస్తాయి. పగలు ఎండకు డ్రమ్ము ఉబ్బి గాలి వదులుతుంది, రాత్రి చల్లబడినప్పుడు మూత అంచు నుంచి ఆ నీళ్లు పీల్చుకుంటుంది. సీలు విప్పని డ్రమ్ములో నీళ్లెలా వచ్చాయని తర్వాత కంపెనీవాడితో గొడవ. షెడ్డు లేకపోతే డ్రమ్ములు పడుకోబెట్టించు, రెండు మూతలూ ఒకే ఎత్తులో, చెరో పక్కన, ఆయిల్ మట్టానికి కింద ఉండేలా. ఖర్చు సున్నా.

వీ-బెల్టులు జారుతున్నాయని ఫిట్టర్లు అతిగా బిగించేస్తారు, అదీ గమనించు. ఆ లాగుడంతా బేరింగ్ మీదే పడుతుంది. బాల్ బేరింగ్ మీద లోడు రెట్టింపైతే దాని ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

లాగ్‌బుక్ తీసి చూడు. 'బేరింగ్ మార్చాము, మిషన్ ఓకే' అని వందసార్లు ఉంటుంది. దానివల్ల ఎవరికీ లాభం లేదు. ముందు ఏం వినపడింది, విప్పితే ఏం కనపడింది, రంగు మారిందా, గుంటలు పడ్డాయా, ఒక పక్కే అరిగిందా, ఇవి రాయమను. చేతిరాత బాగోకపోయినా, తెలుగులో రాసినా, ఇంగ్లిషు తప్పులున్నా ఏమీ అనకు. ఒక్కసారి స్పెల్లింగు దిద్దావంటే మళ్లీ ఎవడూ రాయడు. పోయిన బేరింగ్‌ని తుక్కులో వేయకుండా ట్యాగ్ కట్టి నీ రూములో ఒక అర మీద పెట్టించు. ఒకే చోటి నుంచి మూడోది వచ్చిందంటే తప్పు బేరింగ్‌ది కాదు. అలైన్‌మెంటో, ఫౌండేషనో, గ్రీజో, నకిలీ సరుకో. బేరింగుల్లో నకిలీలు బాగా తిరుగుతున్నాయి, పర్చేజ్ వాళ్లు ఎంత చవగ్గా దొరికిందని మురిసినా ఆథరైజ్డ్ డీలర్ బిల్లు లేకుండా తీసుకోకు.

ప్రొడక్షన్ వాళ్లతో పోట్లాట అన్ని ప్లాంటుల్లోనూ ఉన్నదే. మిషన్ ఇవ్వరని మనవాళ్ల ఫిర్యాదు, ఇస్తే టైముకి తిరిగివ్వరని వాళ్ల ఫిర్యాదు. చాలాసార్లు వాళ్లదే నిజం. 'రా మిల్ ఒకరోజు కావాలి' అని అడిగితే ఎవరూ ఇవ్వరు. 'గురువారం ఉదయం ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండింటి వరకు, సైలో నిండుగా పెట్టుకోండి, రోలర్ సీలు మారుస్తాం, సీలు, మనుషులు, క్రేను రెడీగా ఉన్నాయి' అని మూడు రోజుల ముందు చెప్పి, ఒంటిగంటన్నరకి తిరిగిచ్చి చూడు. రెండుసార్లు అలా చేస్తే మూడోసారి వాళ్లే పిలిచి ఇస్తారు. మిషన్ ఆపాక స్పేరు కోసం స్టోర్స్‌కి మనిషిని పంపడమంత తలవంపు మనకు ఇంకోటి లేదు. ఆపేముందు స్పేరు పెట్టె విప్పి, కొలిచి, డ్రాయింగ్‌తో సరిచూడాలి. స్టోర్స్‌లో ఏళ్లుగా ఉన్న స్పేర్ మోటార్ల షాఫ్టు అప్పుడప్పుడూ తిప్పించు, లేకపోతే బేరింగులు కూర్చున్నచోటే గుంటలు పడతాయి.

సేఫ్టీ గురించి నీకు పోస్టర్లు చూపించక్కర్లేదు. కానీ మెయింటెనెన్స్ పనిలో మనవాళ్ల ప్రాణాలు పోతుంటాయి కాబట్టి రెండు మాటలు. స్విచ్ తీసేశాం, ట్యాగ్ కట్టాం అనేది చాలదు. లోపలికి దిగే ప్రతివాడిదీ సొంత తాళం, తాళంచెవి వాడి జేబులోనే. సూపర్‌వైజర్ దగ్గర కాదు. కరెంటు తీసినా మిషన్‌లో శక్తి మిగిలే ఉంటుంది. డ్రాఫ్టుకి ఫ్యాన్ తనంతట తిరుగుతుంది, నిండు బకెట్లతో ఆగిన ఎలివేటర్ వెనక్కి జారుతుంది, మిల్లు రోలర్ల హైడ్రాలిక్ ప్రెషర్ అలాగే ఉంటుంది. ఇక ప్రీహీటర్‌లోని సైక్లోన్, అంటే ఆ గరాటు గది, మీల్‌తో జామ్ అవడం. కింది సైక్లోన్‌లో 800 డిగ్రీలు దాటిన మీల్ ఒక్కసారిగా ఊడితే నీళ్లలా పారుతుంది. పొడిచే రంధ్రం నుంచే కాదు, కిల్న్ గుండా కూలర్ దాకా దూసుకొస్తుంది. పైన జామ్ తీస్తున్నప్పుడు కింద కూలర్‌లోనో, కిల్న్ హుడ్ దగ్గరో ఒక్క మనిషి కూడా ఉండకూడదు. ప్రొడక్షన్ హెడ్ ఎంత తొందరపెట్టినా, తలలు లెక్కపెట్టి నువ్వు సరేననేదాకా ఎవరూ రాడ్ పట్టొద్దు.

షిఫ్టు మారే ఆ పావుగంట మీద కన్నేసి ఉంచు. 1988 జులై 6న బ్రిటన్‌లోని నార్త్ సీలో పైపర్ ఆల్ఫా అనే ఆయిల్ ప్లాట్‌ఫాం మీద పగటి షిఫ్టువాళ్లు ఒక పంపు సేఫ్టీ వాల్వు విప్పి, ఆ చోట ఫ్లాంజ్ మూత పెట్టి వెళ్లారు. పని సగంలో ఉందన్న సంగతి రాత్రివాళ్లకి చేరలేదు. రెండో పంపు ఆగిపోయేసరికి దీన్ని స్టార్ట్ చేశారు. ఆ మూత దగ్గర గ్యాస్ లీకై పేలింది. 167 మంది పోయారు. పర్మిట్ కాగితం ఉంది, అది చేరాల్సిన చేతికే చేరలేదు. మీ దగ్గర సగంలో ఆగిన ప్రతి పనికీ పర్మిట్ సీసీఆర్ (కంట్రోల్ రూము)లో ఒకే బోర్డు మీద, ఆ మిషన్ పేరు కిందే ఉండాలి. ఇద్దరు షిఫ్టు ఇంజనీర్లూ దాని ముందు నిలబడి మాట్లాడుకోవాలి. ఫోన్లో చెప్పుకుంటే చాలదు.

'టెంపరరీ' అన్న మాట వినపడితే తేదీ అడుగు. 1974లో ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరోలో ఒక కెమికల్ ప్లాంటులో రియాక్టర్‌కి పగులొస్తే, దాన్ని తీసేసి అటూ ఇటూ కలుపుతూ తాత్కాలిక పైపు వేశారు. దాని డ్రాయింగ్ వర్క్‌షాప్ నేల మీద సుద్దతో గీసిందే. జూన్ 1న ఆ పైపు ఊడి, పేలుడు జరిగి 28 మంది చనిపోయారు. మన దగ్గర టెంపరరీ అంటే ఎక్కువగా ప్యాచ్ వెల్డింగు, బైపాస్ చేసిన లిమిట్ స్విచ్, కట్టేసిన వాల్వు. ప్రతిదానికీ ఎవరు చెప్పారు, ఎప్పటికి తీస్తారు అని ఒక రిజిస్టరు పెట్టు, వారానికోసారి నువ్వే చదువు.

కరెంటు పోయినప్పుడు కిల్న్‌ని మెల్లగా తిప్పే ఆక్సిలరీ డ్రైవ్‌కి ఉన్న డీజిల్ ఇంజన్‌ని ప్రతి వారం నీ కళ్లముందు స్టార్ట్ చేయించు. కరెంటు పోయి వేడి కిల్న్ నిలబడిపోతే దాని ఉక్కు షెల్లు వంగుతుంది, పైన వాన పడుతుంటే ఇంకా త్వరగా. ఆ టైములోనే బ్యాటరీ డెడ్ అని తెలియడం మామూలు. రిజిస్టరులో 'ఓకే' అని ఉంటుంది కూడా.

మనుషుల సంగతి. రాత్రంతా నిలబడి బ్రేక్‌డౌన్ సరిచేసిన వాళ్లకి మీటింగులో చప్పట్లు కొడతారు, కొట్టు. కానీ ఎవరి ఏరియాలో ఆర్నెల్లుగా ఏ బ్రేక్‌డౌనూ లేదో వాణ్ణి కూడా పేరు పెట్టి పిలువు. లేకపోతే మీ డిపార్ట్‌మెంటు మొత్తానికి అర్ధరాత్రి పనే గొప్పగా కనిపిస్తుంది. పాత ఫిట్టర్లు చెప్పేది విను, కానీ వాళ్ల చెవికి తెలిసింది కాగితం మీదికి రాకముందే రిటైర్ కానివ్వకు. ఒక్కొక్కరి పక్కన ఒక డిప్లొమా కుర్రాణ్ణి పెట్టు. కాంట్రాక్టు మనుషులు ప్రతి షట్‌డౌన్‌కీ మారిపోతారు. ముందురోజే వాళ్లని తీసుకెళ్లి పని జరిగే చోటు, దిగే దారి చూపించు.

వానాకాలంలో అమ్మకాలు తగ్గినప్పుడే మీ కిల్న్ షట్‌డౌన్ పెడతారు కదా. పనుల లిస్టు ఇప్పుడే మొదలుపెట్టు. జూన్‌లో రాసిన లిస్టుకి స్పేర్లు సెప్టెంబరులో వస్తాయి. మూడు వారాల ముందు లిస్టుకి తాళం వేసెయ్, ఆ తర్వాత ఎవరు కొత్త పని తెచ్చినా నీ సంతకం ఉండాలి. రాసిన లిస్టు నాకోసారి పంపు, చూసి నా మాట చెబుతాను. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా పడుకుంటాను, అప్పుడు మాత్రం ఫోన్ చేయకు.

మీ ఆవిడకి, పిల్లలకి ఆశీస్సులు.

మీ పెదనాన్న