చిగుళ్ల జబ్బుకీ షుగరుకీ సంబంధం ఉంది, మా అమ్మ విషయంలో కళ్లారా చూశాను

నోట్లో ఉండే బ్యాక్టీరియాకీ షుగరు, గుండెజబ్బులకీ నిజంగా సంబంధం ఉందా అని అడిగారు. షుగరుకైతే ఉంది, అందులో నాకు అనుమానం లేదు. గుండె సంగతి తర్వాత చెప్తాను.

మా అమ్మ తెనాలిలో ఉంటుంది, షుగరు చాలా ఏళ్లుగా ఉంది. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నా, పొద్దున్నే నడిచినా, మాత్రలు వేళకి వేసుకున్నా, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ తొమ్మిది దగ్గరే ఉండేది. చూసిన డాక్టర్లందరూ కాళ్లు చూశారు, కళ్లు చూపించుకోమన్నారు, కిడ్నీ టెస్టులు రాశారు. ఒక్కరంటే ఒక్కరు కూడా నోరు తెరవమనలేదు. నాకు కోపం అక్కడే. చిగుళ్ల జబ్బుని షుగరు వల్ల వచ్చే ఆరో సమస్యగా లెక్కపెట్టాలని హెరాల్డ్ లో (Harald Löe) అనే నార్వే దంత పరిశోధకుడు 1993లోనే రాశాడు.

చివరికి కింది పన్ను కదులుతోందని పీకించుకోవడానికి వెళ్తే, ఆ పళ్ల డాక్టరమ్మ పీకలేదు. గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరంతో చిగురుకీ పంటికీ మధ్య లోతు కొలుస్తూ "నాలుగు, ఆరు, ఏడు, ఆరు" అని పైకి చెబుతుంటే పక్కనున్న అమ్మాయి రాసుకుంటోంది. మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటే మామూలేనట. పుల్ల పెట్టిన ప్రతిచోటా రక్తం. అమ్మ కొంగు గట్టిగా పట్టుకుని కూర్చుంది. అయ్యాక ఆవిడ అద్దం చేతికిచ్చి, "ఇంత పుండు మీ అరికాల్లో ఉంటే ఒక్కరోజైనా ఊరుకునేవారా?" అంది. "నొప్పి లేదు కదమ్మా" అంది అమ్మ. ఈ జబ్బుతో వచ్చిన చిక్కే అది, పన్ను కదిలేదాకా నొప్పే ఉండదు.

పంటి మీద గార పేరుకుని చిగురు కిందికి దిగితే, గాలి తగలని ఆ సందుల్లో పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటి బ్యాక్టీరియా చేరతాయి. వాటిని చంపడానికి ఒళ్లు నిత్యం పోరాడుతూనే ఉంటుంది, ఆ వాపు తాలూకు రసాయనాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. షుగరు పెరిగితే తెల్లరక్తకణాల పని మందగించి చిగుళ్లు ఇంకా పాడవుతాయి. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

మత్తింజక్షన్ ఇచ్చి, కొంచెం కొంచెంగా చిగుళ్ల కింద గారంతా తీశారు. ఈలోగా చుట్టుపక్కల వాళ్లు "క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయి" అని అమ్మని భయపెట్టారు. ఈ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. పన్ను వదులయ్యేది కింద ఎముక అరిగిపోవడం వల్ల. గార తీసి వాపు తగ్గాక, అప్పటిదాకా దాక్కున్న ఆ ఖాళీ బయటపడుతుంది, అంతే. పై పన్ను పీకితే చూపు పోతుందనే మాటా ఇలాంటిదే. నూనె పుక్కిలిస్తే గార పోతుందని వాట్సాప్‌లో పంపేవాళ్లకీ చెప్తున్నా, గట్టిపడిన గార పరికరంతో తీస్తేనే పోతుంది.

మందు మార్చకుండానే తర్వాతి టెస్టులో అమ్మకి 8.3 వచ్చింది. అందరికీ అంత తగ్గదు. చాలా అధ్యయనాలు కలిపి చూస్తే సగటు తగ్గుదల 0.4 దగ్గర ఉంది. మాత్రకి మాత్ర జోడించే ముందు అది చిన్న విషయమేం కాదు.

గుండె విషయంలో ఇంత గట్టిగా చెప్పలేం. చిగుళ్ల జబ్బున్న వాళ్లలో గుండెజబ్బులు ఎక్కువే, కానీ ఇదే కారణమని రుజువు కాలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో చెప్పింది. పొగతాగడం, షుగరు అనేవి చిగుళ్ల జబ్బుకీ గుండెజబ్బుకీ కూడా కారణాలే కదా. కృత్రిమ కవాటం వేయించుకున్న వాళ్ల సంగతి మాత్రం వేరు. నోటి బ్యాక్టీరియా రక్తంలోంచి వెళ్లి కవాటాన్ని పట్టుకుంటే ప్రాణాలకే ముప్పు, అందుకే పన్ను పీకేముందు వాళ్లకి యాంటీబయాటిక్ ఇస్తారు.

పొగతాగేవాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది. వాళ్ల చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా వస్తుంది కాబట్టి లోపల జబ్బు ముదిరినా తెలీదు. మా బాబాయికి షుగరుంది, సిగరెట్టూ ఉంది, రక్తం రావట్లేదు కదా అని ధీమాగా ఉన్నాడు. నాకు అదే టెన్షన్. అదే డాక్టరమ్మ దగ్గర ఆయనకీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, రానంటున్నాడు, పిన్నితో చెప్పించాలి.