వెండి గిన్నె ఇప్పుడు పంపండి, పట్టుచీర పండక్కి ఇవ్వండి

ప్రశ్న: మాది అనంతపురం. ఇరవై ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అమ్మాయి, అల్లుడు డాలస్‌లో ఉంటారు. వచ్చే నెల మనవడి అన్నప్రాశన. చిక్కపేటలో కొన్న వెండి గిన్నె, చెంచా (రూ.7,500), అమ్మాయికి పట్టుచీర (రూ.18,000), అల్లుడికి పంచెల చాపు (రూ.4,000), ఇంట్లో పెట్టిన ఆవకాయ, గోంగూర పచ్చడి, వీటితోపాటు రెండు తులాల గొలుసు పంపాలని ఉంది. 'గిఫ్ట్ అని రాస్తే డ్యూటీ ఉండదు, మొత్తం విలువ రూ.2,000 అని వేద్దాం' అంటున్నాడు కొరియర్ ఏజెంటు. ఎనిమిది కిలోలకు రూ.7,200 అడిగాడు. అమ్మాయి కూడా వాళ్ల తమ్ముడికి ల్యాప్‌టాప్ గిఫ్టుగా పార్శిల్ చేస్తానంటోంది. సంక్రాంతికి ముగ్గురూ ఇక్కడికి వస్తున్నారు. ఇంతలో మొన్న ఎవరో ఫోన్ చేసి, అమెరికా నుంచి మా పేరున వచ్చిన గిఫ్టు ఢిల్లీ కస్టమ్స్‌లో ఆగిందని, రూ.18,700 యూపీఐ చేస్తే వదులుతామని చెప్పారు. ఏం చేయాలి? వీటన్నిటికీ ఎంత పక్కన పెట్టుకోవాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ ఫోన్ సంగతి చూద్దాం. ఒక్క రూపాయి కూడా పంపకండి. మీ అమ్మాయి ఇంకా ల్యాప్‌టాప్ పంపనే లేదు, పంపుతానని మాత్రమే అంది. మరి ఢిల్లీలో ఆగిన పార్శిల్ ఎవరిది? కస్టమ్స్ అధికారులు ఫోన్ చేసి ఫలానా యూపీఐ నంబరుకు డబ్బు వేయమని అడగరు. నిజంగా పార్శిల్ వస్తే తెచ్చిన కొరియర్ సంస్థో పోస్టాఫీసో డ్యూటీ లెక్క కాగితం మీద చూపిస్తుంది, రసీదు ఇస్తుంది. కస్టమ్స్ నుంచి వచ్చే ఉత్తరాల మీద డిన్ లాంటి గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది అసలుదో కాదో కస్టమ్స్‌ను నడిపే కేంద్ర బోర్డు (సీబీఐసీ) వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మళ్లీ ఫోన్ వస్తే ట్రాకింగ్ నంబరు అడగండి, అమ్మాయిని కనుక్కోండి. భయపెడితే కట్ చేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ఒకవేళ ఇప్పటికే కొంత పంపి ఉంటే మాత్రం ఈ జవాబు పక్కన పెట్టి ముందు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక మీ పెట్టె. ఏజెంటు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది, అందుకే అది ఎక్కువ ప్రమాదం. అమెరికాకు పంపే కానుకకు మినహాయింపు ఉన్న మాట వాస్తవమే. కానీ అది ఒక్కొక్కరికి రోజుకు 100 డాలర్ల విలువ వరకే. గిఫ్ట్ అన్న మాట రాసినందుకు కాదు, విలువ ఆ హద్దులో ఉన్నందుకు డ్యూటీ పడదు. మునుపు 800 డాలర్ల లోపు పార్శిళ్లు ఏదైనా డ్యూటీ లేకుండా వెళ్లేవి. మీ చుట్టుపక్కల వాళ్లు 'మేమెప్పుడూ ఏమీ కట్టలేదే' అంటే అది ఆ రోజుల అనుభవం. 2025 ఆగస్టు 29 నుంచి ఆ సౌకర్యం ఆగిపోయింది. ఆ మార్పు వచ్చినప్పుడు మన తపాలా శాఖ కూడా అమెరికాకు పార్శిళ్లు కొన్ని వారాలు ఆపి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. అప్పటి నుంచి సుంకం రేట్లు చాలాసార్లు మారాయి. కాబట్టి బుక్ చేసే రోజున రేటు ఎంతో, దాన్ని మీరు ఇక్కడే కట్టాలో అమ్మాయి అక్కడ కట్టాలో కొరియర్ వాళ్ల చేత రాయించుకోండి. నోటిమాట పనికిరాదు.

మీకు కలిసొచ్చే నియమం ఒకటుంది. ఒకే పెట్టెలో ముగ్గురికి కానుకలు ఉంటే, ఎవరిది వారికి విడిగా చుట్టి, పేరు రాసి, జాబితాలో విడిగా విలువ చూపిస్తే 100 డాలర్ల హద్దు మనిషి మనిషికీ వర్తిస్తుంది. వెండి గిన్నె, చెంచా మనవడి పేరున. పంచెల చాపు అల్లుడి పేరున. పచ్చళ్లు అమ్మాయి పేరున. మూడూ హద్దులోనే ఉన్నాయి. పంపేది మీరే కావాలి, మీ పేరు, చిరునామా ఉండాలి. దుకాణం వాళ్లు నేరుగా పంపితే అది కానుకలా కాదు, అమ్మకంలా కనిపిస్తుంది. జాబితా రాసేటప్పుడు 'బట్టలు', 'సామాను' అని వదిలేయకుండా 'పిల్లవాడి వెండి గిన్నె ఒకటి, చెంచా ఒకటి', 'నూలు పంచెలు రెండు' అని వివరంగా రాయించండి. వెండి గిన్నె బిల్లు కాపీ పెట్టెలో ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచండి.

చీర ఒక్కటే రూ.18,000. 100 డాలర్ల హద్దును అది అవలీలగా దాటుతుంది. ఈ పెట్టెలో దాన్ని పెట్టకండి.

విలువ రూ.2,000 అని రాయడం గురించి గట్టిగానే చెప్పాలి. అది అబద్ధపు డిక్లరేషన్. పట్టుబడితే సరుకు జప్తు కావచ్చు, మీ అమ్మాయి పేరు మీద జరిమానా పడొచ్చు. వీసా మీద ఉన్న పిల్లలకు అలాంటి టెన్షన్ ఎందుకు? పట్టుబడకపోయినా నష్టం ఉంది. కొన్నేళ్ల క్రితం మా అక్కకు నాలుగు చీరలు పంపాను. ఇలాగే ఏజెంటు మాట విని విలువ రూ.3,000 అని రాశాను. పెట్టె దారిలో పోయింది. పరిహారం లెక్క కట్టేటప్పుడు వాళ్లు చూసింది నేను రాసిన అంకెనే. అందులో మా అమ్మ కట్టి ఇచ్చిన వెంకటగిరి చీర ఒకటి ఉంది. దానికి ఎంత ఇచ్చినా సరిపోదు, కానీ మిగతా మూడింటి డబ్బయినా వచ్చి ఉండాల్సింది. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబానికీ అసలు విలువే రాయమని, దాని మీదే ఇన్సూరెన్స్ తీసుకోమని చెబుతున్నాను.

పచ్చళ్ల సంగతి. ఇంట్లో చేసింది సొంత మనిషికి కానుకగా పంపితే అమెరికా ఆహార, ఔషధ శాఖకు (ఎఫ్‌డీఏ) ముందస్తు నోటీసు ఇవ్వక్కర్లేదు. కొట్లో కొన్నదైతే ఆ నోటీసు కావాలి. అందుకని మీ ఆవకాయ మీదే 'ఇంట్లో చేసినది' అని రాయించండి. మాంసం పచ్చళ్లు, కరివేపాకు, విత్తనాలు వద్దే వద్దు. తాలింపు కోసం ఒక రెమ్మ కరివేపాకు పెట్టినా మొత్తం పెట్టె ఆగిపోవచ్చు. సీసాల బదులు గట్టి పౌచ్‌లలో సీల్ చేయించండి.

కొరియర్ ఖర్చులో ఒక మెలిక ఉంది. వాళ్లు అసలు బరువును, పెట్టె కొలతల బరువును రెండింటినీ చూసి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి మామూలుగా 5,000తో భాగిస్తారు. 40, 30, 30 కొలతల పెట్టెకు అది 7.2 కిలోలు, లోపల నాలుగు కిలోలే ఉన్నా సరే. మీ మూడు వస్తువులు నాలుగు కిలోలు ఉంటాయనుకుందాం. వాళ్లు చెప్పిన రేటు కిలోకు రూ.900 పడుతోంది కాబట్టి చిన్న పెట్టెలో అయితే రూ.3,600. పెద్ద పెట్టె ఇస్తే రూ.6,480. పెట్టె మీరే ఎంచుకోండి.

చీర, గొలుసు సంక్రాంతి దాకా ఆగగలవు. మీ అమ్మాయి కుటుంబం ఇక్కడి నుంచి తిరిగి వెళ్లేటప్పుడు, అక్కడ నివాసం ఉన్నవాళ్లు కాబట్టి, వెంట తీసుకెళ్లే వస్తువులకు తలా 800 డాలర్ల దాకా డ్యూటీ లేదు. కానుకగా వచ్చినవీ అందులోకే వస్తాయి. కలిసి ప్రయాణించే ఒకే ఇంటివాళ్లు దాన్ని కలిపి చూపించొచ్చు, చంటిపిల్లవాడి వాటా కూడా కలుస్తుంది. అంటే ముగ్గురికీ కలిపి 2,400 డాలర్లు. చీర హాయిగా వెళ్తుంది.

గొలుసు మాత్రం వేరు. రెండు తులాలు అంటే ఇవాళ రూ.2 లక్షలు దాటుతుంది. దాన్ని కొరియర్‌లో అసలు పంపొద్దు. చాలా సంస్థలు బంగారం తీసుకోవు, తీసుకున్నా పోతే పరిహారం దొరకడం కష్టం. నన్నడిగితే పండగకు మనవడి మెడలో వేసి, ఫోటోలు తీసుకుని, మళ్లీ మీ లాకర్లో పెట్టండి. పాకే వయసు పిల్లాడికి రెండు తులాల గొలుసు అక్కడ ఎవరు వేసి తిప్పుతారు? అమ్మాయి తీసుకెళ్తానంటే బిల్లు ఇవ్వండి, అక్కడ దిగగానే డిక్లేర్ చేయమనండి. హద్దు దాటిన దాని మీద డ్యూటీ పడితే కట్టాలి. వెళ్లేటప్పుడు మన విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, రేపు అదే గొలుసుతో తిరిగొచ్చినప్పుడు ఇక్కడ ప్రశ్నలు ఉండవు. తల్లి కూతురికి ఇచ్చే కానుక మీద మన దగ్గర ఆదాయపన్ను లేదు, ఆ దిగులు పెట్టుకోకండి.

ల్యాప్‌టాప్‌ను పార్శిల్ చేయొద్దని అమ్మాయికి ఈ రోజే చెప్పండి. విదేశాల నుంచి పోస్టులోనో కొరియర్‌లోనో గిఫ్టు పేరుతో డ్యూటీ లేకుండా వస్తువులు రావడం మన దేశంలో 2019 డిసెంబరులోనే ఆగిపోయింది. రాఖీలకు, ప్రాణాలు నిలిపే మందులకు మాత్రమే మినహాయింపు మిగిలింది. అదే ల్యాప్‌టాప్‌ను సంక్రాంతికి చేతిలో తెస్తే, 18 ఏళ్లు నిండిన ప్రయాణికులకు ఒక ల్యాప్‌టాప్ మీద అసలు డ్యూటీ లేదు. అది కాక మిగతా కానుకలకు 2026 ఫిబ్రవరి 2 నుంచి తలా రూ.75,000 హద్దు ఉంది. మనవాళ్లు పొరపడేది ఇక్కడే. అమెరికాలోలా మన దగ్గర భార్యాభర్తల హద్దు కలపడానికి కుదరదు. లక్ష రూపాయల ఫోన్ ఒకటి తెచ్చి 'ఇద్దరిదీ కలిపి' అంటే ఒప్పుకోరు. చంటిపిల్లవాడికి ఇక్కడ ఆ రూ.75,000 మినహాయింపు లేదు, వాడిన సొంత సామానుకు మాత్రమే డ్యూటీ ఉండదు.

ఇక లెక్క. కొరియర్‌కు రూ.4,000, అసలు విలువ మీద ఇన్సూరెన్స్‌కు, ప్యాకింగ్‌కు రూ.1,000, అనుకోని డ్యూటీకో క్లియరెన్స్ రుసుముకో రూ.2,000. మొత్తం రూ.7,000 పక్కన పెట్టండి, ఏజెంటు అడిగిన దానికన్నా తక్కువే. అన్నప్రాశన ఖర్చులకు అమ్మాయికి ఇంకేమైనా ఇవ్వాలనిపిస్తే ఇక్కడున్న ఆమె ఎన్నార్వో ఖాతాలో (విదేశాల్లో ఉండేవాళ్లు మన బ్యాంకులో రూపాయల్లో ఉంచుకునే ఖాతా) రూపాయల్లో వేయండి. ఏడాదికి రూ.10 లక్షలు దాటితేగానీ టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) మాట రాదు. వెండి గిన్నె పెట్టెను ముహూర్తానికి కనీసం మూడు వారాల ముందు పంపించేయండి, కస్టమ్స్‌లో రెండు రోజులు ఆగినా పిల్లవాడి చేతికి వేళకి అందుతుంది.