బుజ్జమ్మా, ఆ పిల్లలకు మాటిచ్చే ముందు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి బుజ్జమ్మకు అత్తయ్య ఆశీస్సులు.

మన ఊళ్లో పేదింటి పిల్లలు పదిమందిని నువ్వు డల్లాస్ నుంచి చదివించబోతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చెబుతుంటే వాడి గొంతు వణికింది. నాకూ కళ్లు చెమర్చాయి. మీ తాతయ్య ఉంటే వీధి వీధంతా చెప్పుకునేవాడు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదమ్మా. ఉద్యోగమంతా గవర్నమెంటు హైస్కూల్లో చేసినదాన్ని. ఇలాంటివి ఎంత సంబరంగా మొదలవుతాయో, మధ్యలో ఆగితే ఏమవుతుందో రెండూ చూశాను.

ముందు డబ్బు సంగతి. నువ్వు అక్కడి పౌరసత్వం తీసుకున్నావు కాబట్టి, విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, నువ్విచ్చేది విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020లో చట్టం మార్చాక ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఇక్కడి బ్రాంచి నంబరు చెప్పి "ఇందులో వేసేయండి మేడమ్" అనేవాళ్లకు పైసా పంపకు. అల్లుడికి ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే కదా, ఆయన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే ఈ తిప్పలు లేవు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం చెబుతాను. మనకు తెలిసిన కుటుంబమే, పేరు వద్దు. అమెరికాలో స్థిరపడ్డ ఒకాయన 2007లో మా బడికి వచ్చాడు. ఏడో తరగతి పిల్ల ఒకతి తడబడకుండా పద్యాలు చెబితే ముచ్చటపడి, అక్కడికక్కడే తనే చదివిస్తానన్నాడు. తీసుకెళ్లి హాస్టలున్న ఇంగ్లీషు మీడియం ప్రైవేటు స్కూల్లో చేర్పించాడు. వాళ్లమ్మ ఏటుకూరు రోడ్డులో మిరపకాయల తొడిమలు తీసే కూలీ. కూతురి కొత్త బూట్లు చూసి ఎంత మురిసిపోయిందో.

ఏడాదిన్నర ఫీజు సక్రమంగా వచ్చింది. తర్వాత అమెరికాలో మాంద్యం వచ్చి ఆయన ఉద్యోగం పోయింది. తప్పు అది కాదు, ఉద్యోగాలు ఎవరికైనా పోతాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, అదే తప్పు. సిగ్గుపడ్డాడు. ఫోన్ ఎత్తడం మానేశాడు. పిల్ల తొమ్మిదో తరగతిలో ఉంది. బకాయి కట్టేదాకా టీసీ ఇవ్వమన్నారు ఆ స్కూలు వాళ్లు.

ఒక మధ్యాహ్నం వాళ్లమ్మ పని మధ్యలో నా దగ్గరికి వచ్చింది. ఫీజు కాగితం కొంగుముడిలో దాచుకుంది. ముడి విప్పగానే మిరప ఘాటుకు స్టాఫ్‌రూములో అందరికీ దగ్గు తెర వచ్చింది. వేళ్లు మంటలు పుడుతున్నాయని కాగితం గోళ్లతో పట్టుకుని నాకందించింది. అప్పటికే మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి బకాయి సగం కట్టేసిందట. ఎవరో దానంగా ఇచ్చిన చదువుకి ఆవిడ అప్పులపాలైంది! "ఆయన మంచోడే మేడమ్, మా రాతే ఇట్టా ఉంది" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

పిల్ల మా బడికి తిరిగొచ్చింది. తెలుగు మీడియం మళ్లీ పట్టుబడలేదు, పాత స్నేహితుల మధ్య తలెత్తలేకపోయింది. పదో తరగతి పరీక్ష రాయనే లేదు. ఆ మే నెలలో పెళ్లి చేసేశారు. పదహారు కూడా నిండలేదమ్మా.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ నుంచి అమలైంది. టీసీ లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని అందులో ఉంది. అది ఎనిమిదో తరగతి దాకానే. తొమ్మిదిలో ఇరుక్కున్న పిల్లకు ఈ రోజుకీ అది అక్కరకు రాదు.

అందుకే పదిమంది వద్దు, బుజ్జమ్మా. కోప్పడుతున్నాననుకున్నా సరే. ఇద్దరితో మొదలుపెట్టు. ఆ ఇద్దరికీ ఒక ఏడాది ఖర్చు ఇప్పుడే విడిగా వేసి పెట్టు, మరో దారి లేకపోతే తప్ప ఇంటర్ అయ్యేదాకా దాని జోలికి పోకు. నీకేదైనా ఇబ్బంది వస్తే ఆ నెలలోనే నాకు చెప్పు. నాలుగు నెలల ఫీజు ఇక్కడ మేం రిటైర్డ్ టీచర్లం చందాలేసుకునైనా కడతాం. నువ్వు చెప్పకపోతేనే ఏమీ చేయలేం.

పిల్లల్ని బడి మార్చకు. సర్కారు బడిలో పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఇస్తారు. డబ్బు కావాల్సింది వేరేచోట. జనవరి నుంచి మిరప సీజను. తల్లులు తెల్లవారకముందే పనికి పోతారు, చంటిపిల్లల్ని చూసుకోవడానికి పెద్దపిల్ల ఇంట్లో ఆగిపోతుంది. పదో తరగతి పరీక్షలు మార్చిలోనే! ఆ నాలుగు నెలలూ వీధిలో ఒక పెద్దావిడకు జీతమిచ్చి పసివాళ్లను చూసుకోమంటే ఎంతమంది ఆడపిల్లలు బడికొస్తారో. ఇలాంటి ఖర్చుకి ఏ సంస్థా ఫోటో వేయదు, అందుకే ఎవరూ అడగరు. తర్వాత పాలిటెక్నిక్కో ఇంటరో, బస్‌పాసు, కళ్లద్దాలు. ఫోటోలంటే గుర్తొచ్చింది, చెక్కు పట్టుకుని నిలబడమని ఏ పిల్లనీ అడగనివ్వకు. మీ తాతయ్యకు ఎస్సెల్సీ ఫీజు కట్టిందెవరో ఆయనకు ఉద్యోగం వచ్చాకగానీ తెలియలేదు. కట్టినాయన ఎక్కడా చెప్పుకోలేదు మరి.

ఆ సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు నాకు పంపు. కేంద్ర హోంశాఖ వెబ్‌సైట్‌లో ఉందో లేదో మీ మామయ్య చూస్తానన్నారు. ఇద్దరు పిల్లలెవరో జూన్‌లో బడులు తెరిచాక వాళ్ల టీచర్లను అడిగి నేనే చెబుతాను, తల్లులతోనూ మాట్లాడతాను. వేళకి తిను, రాత్రిళ్లు ఆఫీసు పని పెట్టుకోకు.

మీ అత్తయ్య